చిత్త చెంతనున్న దూరదీపము

రాత్రివేళ ఆకాశమువైపు చూచువానికి చుక్కలన్నియు నించుమించుగ నొకే తీరున కానవచ్చును. ఒకటి పెద్దది, యొకటి చిన్నది. ఒకటి తెల్లనిది, యొకటి యెఱ్ఱనిది. ఇంతకు మించిన భేదము కంటికి తోపదు. వీనిలో కొన్ని గ్రహములనియు, తక్కినవి మన సూర్యునివంటి నక్షత్రములనియు పాఠశాలలో చదువుకొనుచున్నాము. కాని దూరదర్శినిలో సైతము చుక్కవలెనే కానవచ్చుచు, నిజమునకు చుక్క కాని జ్యోతులు మఱికొన్ని కలవు. నక్షత్రమువంటివే కాని నక్షత్రములు కావను నర్థమున వానికి క్వాసారులని పేరిడిరి. అట్టివానిలో 3సి 279 అను నొకదానిని గుఱించి మన పత్రిక పాఠకులకు తెలియజేయుట యీ వ్యాసోద్దేశము. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు రేడియో తరంగముల నంపు ఆకాశవస్తువులకు కూర్చిన మూడవ పట్టికలో నిది 279వ దగుటచే దాని కాపేరు వచ్చినది.

చేతికందని వస్తువునుండి మనకు వచ్చునది వెలుగొక్కటే. ఆ వెలుగును శ్రద్ధతో కొలిచి, కొలిచిన దానిని భద్రపఱచినచో, ఒక్క చుక్కనుండియే దాని దూరమును, పరిమాణమును, లోని నిర్మాణమును గూడ గ్రహింపవచ్చును. అది యెట్లు సాధ్యమయ్యెనో క్రమముగ వివరించెదము.

ఆకాశమున దాని స్థానము

ముందుగా దాని చోటు తెలిసికొందము. మన మండలములలో మిరపకాయలను కళ్ళములందు ఆరబోసి రైతులు రాత్రులు కాపలా పండుకొను చైత్రమాసమున, ప్రొద్దుక్రుంకిన పిమ్మట తూర్పుదిక్కున తెల్లని నక్షత్ర మొకటి పైకి వచ్చును. అదియే చిత్త. పౌర్ణమినాడు చంద్రుడు దీని సమీపమున నుండుటచేతనే యా మాసమునకు చైత్రమను పేరు కలిగినది. గుర్తింపలేనివారు సప్తర్షిమండలపు తోక వంపునుబట్టి చూపును సాగించినచో మొదట నారింజవన్నె గల స్వాతియు, అటుపిమ్మట తెల్లని చిత్తయు కానవచ్చును.

చేయి చాచి పిడికిలి బిగించి చూచినచో పిడికిలి వెడల్పు ఆకాశమున సుమారు 10 డిగ్రీలు కప్పును. చిత్తనుండి వాయవ్యముగ నించుమించు ఒక పిడికిలి దూరమున 3సి 279 ఉన్నది. ఆ దిక్కుననే మఱియొక పిడికిలి దూరము పోయినచో 3సి 273 అను వేఱొక క్వాసారు కలదు. ఈ రెండవదాని కథ కూడ మనకు ముందు కావలసియున్నది. రెండును ఉత్తకంటికి కానరావు. ఉత్తకన్ను చూడగల మిక్కిలి మసక చుక్కలను 6వ తరగతివని యందురు. తరగతి సంఖ్య పెరిగినకొలది వెలుగు తగ్గును. ఐదు తరగతుల యంతరమునకు వెలుగు నూఱవ వంతగును. 3సి 273 సుమారు 13వ తరగతిది. 3సి 279 ఒకప్పుడు దానికన్న ప్రకాశమానమై, యొకప్పుడు 17వ తరగతికి దిగిపోవుచు, నిలుకడ లేక యుండును.

కార్తెలు ఎఱిగిన మన రైతులకు మఱియొక సంగతి సులభముగ బోధపడును. హస్త, చిత్త కార్తెలలో సూర్యుడే యా ప్రాంతమున నుండుటచే ఆ దినములలో ఈ క్వాసారులు పగటివెలుగులో మునిగియుండి రాత్రి కానరావు. ప్రత్తిచేలు పూతకాతలతో నుండు ఆ కాలమున జ్యోతిశ్శాస్త్రజ్ఞులు వీనికై వేచియుండవలసినదే. చైత్ర వైశాఖములలో మాత్రము ఇంచుమించు రాత్రియంతయు వానిని పరిశీలింపవచ్చును.

గుంటూరులో జరిగిన పరిశీలన

వెలుగును చదువుట యెట్లో తెలిపిన గొప్ప పరిశీలనలలో నొకటి మన గుంటూరులోనే జరిగినది. 1868 ఆగస్టు 18వ తేదీని సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దానిని చూచుటకు ఫ్రాన్సు దేశమునుండి జూల్ జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడును, ఆంగ్లేయులలో మేజర్ టెన్నంటును గుంటూరునకు వచ్చి తమ యంత్రములను నిలిపిరి. చంద్రుడు సూర్యబింబమును పూర్తిగా మూసినప్పుడు అంచుల వెంబడి ఎఱ్ఱని జ్వాలలు కానవచ్చును. ఆ జ్వాలలు ఏ పదార్థముతో నైనవో యప్పటివఱకు తెలియదు.

మూడు పలకల గాజుకడ్డీగుండ వెలుగును పంపినచో అది ఇంద్రధనుస్సువలె రంగులుగ విడిపోవును. దీనినే వర్ణపటమందురు. కాగిన వాయువు వెలుగును ఇట్లు విడదీసినప్పుడు రంగుల పట్టీకి మాఱుగ విడివిడి గీతలు మాత్రమే కానవచ్చును. ప్రతి మూలపదార్థమునకును తనకే చెల్లిన గీతలు, తన నియత స్థానములలో నుండును. చేవ్రాలును చూచి మనిషిని గుర్తించినట్లు, గీతలను చూచి పదార్థమును గుర్తింపవచ్చును. జాన్సెన్ గుంటూరున ఆ జ్వాలల వర్ణపటమున ప్రకాశమానములైన గీతలను చూచెను. వానిలో ఉదజని గీతలు ముఖ్యములు. కావున ఆ జ్వాలలు కాగిన వాయువని తేలినది. గీతలు మిక్కిలి ప్రకాశించుట చూచి, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని యతనికి తోచెను. మఱునాడు, అనగా 19వ తేదీని, అతడు పట్టపగలు సూర్యునివైపు యంత్రమును త్రిప్పి యా గీతలనే మరల చూచెను. ఆ గ్రహణమువలన వెలుగులోనికి వచ్చిన పసుపుపచ్చని గీత యొకటి హీలియము అను క్రొత్త మూలపదార్థమున కానవాలయ్యెను. ఆ పదార్థము భూమిపై దొరకినది 1895లో మాత్రమే.

ఈ కథ నిచట చెప్పుటకు కారణము కలదు. గుంటూరున సూర్యుని యంచున కానవచ్చిన ఉదజని గీతలే తొంబదియైదేండ్ల పిమ్మట క్వాసారు రహస్యమును విప్పినవి.

దూరము తెలిసిన విధము

1962లో చంద్రుడు 3సి 273 ముందుగా సాగిపోయెను. ఆస్ట్రేలియాలోని పార్క్స్ అనుచోట గల రేడియో దూరదర్శినితో సిరిల్ హజార్డ్ మొదలగువారు, రేడియో ధ్వని ఏ క్షణమున ఆగెనో, ఏ క్షణమున మరల వినవచ్చెనో కొలిచిరి. చంద్రుని యంచు ఏ క్షణమున ఎచట నుండునో కచ్చితముగ తెలియును గనుక రేడియో వచ్చుచున్న చోటు సూక్ష్మముగ నిర్ణయింపబడెను. అచట 13వ తరగతి చుక్క యొకటియు, దాని ప్రక్క సన్నని వెలుగుచార యొకటియు ఛాయాచిత్రములలో కనుపించెను.

అమెరికాలోని పాలొమార్ కొండపై 200 అంగుళముల దూరదర్శినితో మార్టెన్ ష్మిట్ ఆ చుక్క వర్ణపటమును తీసెను. అందలి గీతలు ఏ పదార్థమునకు చెందినవో మొదట ఎవ్వరికిని బోధపడలేదు. 1963 ఫిబ్రవరిలో ష్మిట్ ఆ గీతల యమరికను నిదానించి చూచి, అవి ఉదజని గీతలే యనియు, అన్నియు నొకే నిష్పత్తిలో, నూటికి సుమారు 16 వంతులు, ఎఱుపువైపు జరిగియున్నవనియు గ్రహించెను. ప్రయోగశాలలో 486 నానోమీటర్ల వద్ద నుండవలసిన నీలిపచ్చని గీత యచట 563 వద్ద పసుపుపచ్చగ కానవచ్చినది.

గీతలు జరుగుట కేమి కారణము? విశ్వము వ్యాకోచించుచున్నది. దూరమునుండి వచ్చు వెలుగు దారిలో విశ్వముతోపాటు సాగి, దాని తరంగములు పొడవగును. ఎంత యెక్కువ కాలము ప్రయాణము చేసినచో అంత యెక్కువ సాగును. ఈ లెక్కచొప్పున 3సి 273 వెలుగు మనలను చేరుటకు సుమారు 200 కోట్ల సంవత్సరములు పట్టినది. 3సి 279 గీతలు నూటికి 53 వంతులకు మించి జరిగియున్నవి. దాని వెలుగు బయలుదేఱి సుమారు 500 కోట్ల సంవత్సరములైనది. అనగా మన భూమి పుట్టుటకు ముందే బయలుదేఱినదన్నమాట.

అంత దూరమునుండియు చిన్న దూరదర్శినికి సైతము కానవచ్చుచున్నదన్నచో 3సి 273 నిజమైన ప్రకాశమెంతటిదో యోచింపుడు. మన పాలపుంతలోని నక్షత్రములన్నియు కలసి యిచ్చు వెలుగునకు అది సుమారు నూఱు రెట్లు.

మినుకుట వలన పరిమాణము

ఇంత వెలుగు నిచ్చు వస్తువు మిక్కిలి పెద్దదై యుండునని తోచుట సహజము. కాని దాని మినుకే వేఱు సాక్ష్యము చెప్పుచున్నది. 3సి 279 వెలుగు కొన్ని దినములలో, ఒక్కొక్కప్పుడు ఒక్కరాత్రిలోనే, మాఱుచుండును. ఒక దృష్టాంతము చూడుడు. ఒకటిన్నర కిలోమీటరు పొడవున బారులు తీరిన ఊరేగింపులో డప్పులవారందఱును ఒకే క్షణమున ఒక్క దెబ్బ కొట్టిరనుకొందము. ఊరేగింపు ముందు నిలిచినవానికి దగ్గఱి డప్పు ముందుగను, చివరి డప్పు నాలుగైదు క్షణములు ఆలస్యముగను వినబడును. దెబ్బ యొక్కటే యైనను చప్పుడు నాలుగైదు క్షణములు సాగును. కావున వినవచ్చిన చప్పుడు అరక్షణములో ముగిసినచో ఊరేగింపు అంత పొడవైనది కాదని తెలియును.

వెలుగు విషయమునను ఇంతే. వెలుగు క్షణమునకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును. ఒక్క దినములో సుమారు 2,600 కోట్ల కిలోమీటర్లు. ఒక్క దినములో తన ప్రకాశమును గణనీయముగ మార్చుకొను వస్తువు ఇంతకు చాల పెద్దదై యుండజాలదు. ఇది నెప్ట్యూను గ్రహకక్ష్య వ్యాసమునకు మూడు రెట్లు మాత్రమే. నూఱు పాలపుంతల వెలుగు ఇంత చిన్నచోటినుండి వచ్చుట నక్షత్రముల వలన కాదు. క్వాసారు నడుమ నొక మహాకృష్ణబిలము కలదనియు, చుట్టును తిరుగుచు దానిలో పడబోవు వాయువు మిక్కిలి కాగి యీ వెలుగు నిచ్చుచున్నదనియు శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. 3సి 279 నడుమనున్న కృష్ణబిలము కొన్ని పదుల కోట్లనుండి నూఱు కోట్ల వఱకు సూర్యుల బరువు గలదని లెక్కలు చెప్పుచున్నవి.

చిమ్ముధార

వాయువంతయు బిలములో పడిపోదు. కొంత భాగము రెండు ధ్రువములనుండి ఇరుప్రక్కలకు సన్నని ధారలుగ చిమ్మబడును. 3సి 273 ప్రక్కన ఛాయాచిత్రములో కానవచ్చిన వెలుగుచార యిట్టి ధారయే. చూపునకు మిక్కిలి సన్ననిదైనను దాని పొడవు లక్ష కాంతిసంవత్సరములకు మించినది. కాంతిసంవత్సర మనగా వెలుగు ఒక్క యేట పోవు దూరము.

3సి 279 ధార ఇంచుమించుగ మనవైపే గుఱిపెట్టి యున్నది. ఇట్టి క్వాసారులకు బ్లేజారులని పేరు. గుఱి మనవైపుండుటచే రెండు వింతలు కలుగుచున్నవి. మొదటిది: వెలుగువేగముతో దాదాపు సమానముగ పరువెత్తు పదార్థము తన వెలుగును ముందువైపునకే దట్టముగ ప్రసరింపజేయును; కావున ధార మనకు మిక్కిలి ప్రకాశవంతముగ తోచును. అందలి మార్పులును మనకు త్వరితముగ జరిగినట్లు కానవచ్చును. కనుకనే డప్పుల దృష్టాంతముతో తేల్చిన పరిమాణమును ధార విషయమున కొంత సడలించి చెప్పుకొనవలయును. రెండవది మఱింత విచిత్రము. 1971లో రేడియో దూరదర్శినులతో 3సి 279 లోని ముద్దలను కొలువగా, అవి వెలుగుకన్న ఎన్నో రెట్లు వేగముగ ప్రక్కకు జరుగుచున్నట్లు కనుపించినవి. వెలుగును మించు వేగము లేదు గదా!

దీని గుట్టు ఇట్లు తెలిసికొనవచ్చును. ఒంగోలునుండి గుంటూరునకు సుమారు 110 కిలోమీటర్లు. ఒక బాటసారి దినమునకు 10 కిలోమీటర్ల చొప్పున నడచి వచ్చుచు ప్రతిదినమును ఒక జాబు వ్రాసి, దినమునకు 11 కిలోమీటర్లు నడచు తపాలావానిచేత ముందుగ పంపుచున్నాడనుకొందము. బయలుదేఱిననాటి జాబు పదవనాటికి గుంటూరు చేరును. బాటసారి పదునొకండవనాటికి తానే చేరును. పదునొకండు దినముల వృత్తాంతమంతయు గుంటూరువారికి ఒక్క దినములోనే యందును! జాబుల తేదీలు చూడక, అవి చేరిన కాలమునే లెక్కించువాడు బాటసారి ఒక్కరోజులో నంతదూరము వచ్చెనని భ్రమపడును. ధారలోని ముద్దయు తన వెలుగు వెన్నంటియే మనవైపు వచ్చుచున్నది. అందుచే ఎన్నో యేండ్ల ప్రయాణము కొలది మాసములలో జరిగినట్లు తోచును. వేగము వెలుగునకు లోబడియే యున్నది; భ్రమ మాత్రము మనది.

గామా కిరణములు

మన కంటికి తెలియు వెలుగు, రేడియో తరంగములు, గామా కిరణములు అన్నియు నొకే జాతివి. శక్తిలోనే భేదము. ఒక్కొక్క గామా కణము శక్తి వెలుగు కణపు శక్తికి కోట్లకొలది రెట్లుండును. మన వాయుమండలము వానిని నేలకు రానీయదు. కావున వానిని చూచుటకు ఆకాశమునకు యంత్రముల నంపవలసివచ్చినది. 3సి 273 గామా కిరణముల నంపుచున్నదని కాస్-బి అను ఉపగ్రహము 1970-80ల నడుమ కనుగొన్నది. 1991 ఏప్రిలులో ఎగిరిన కాంప్టన్ ఉపగ్రహము ఆ యేటి జూనులో 3సి 279 గామా కిరణములతో మండిపోవుచుండుట చూచెను. అప్పుడది తన వెలుగంతటికన్న నెన్నో రెట్లధికముగ గామా కిరణములనే వెదజల్లుచుండెను. 2008 జూనులో ఎగిరిన ఫెర్మీ ఉపగ్రహము ఇంచుమించు మూడు గంటల కొకమాఱు ఆకాశమంతయు కలయజూచుచు ఇట్టి మంటలను లెక్కవ్రాయుచున్నది.

ఈ కిరణములు పుట్టుటెట్లు? ధారలో ఎలక్ట్రానులు వెలుగుతో దాదాపు సమానమైన వేగముతో పరువెత్తుచుండును. అవి అయస్కాంతరేఖల చుట్టును సుళ్ళు తిరుగునప్పుడు వెలుగు నిచ్చును. అవే ఎలక్ట్రానులు తమ కెదురుపడిన సామాన్యపు వెలుగు కణములను ఢీకొని, కఱ్ఱతో బంతిని కొట్టినట్లు, వానికి తమ శక్తినిచ్చి గామా కణములుగ మార్చును. ఇట్లు మామూలు వెలుగును, గామా కిరణములును ఒకే ఎలక్ట్రానుల బిడ్డలు. కావున ఒకటి హెచ్చినప్పుడు రెండవదియు హెచ్చునా, ఏది ముందు, ఏది వెనుక అని చూచినచో అవి పుట్టుచోటు తెలియవచ్చును.

ఈ చోటు విషయమై గొప్ప వివాదము కలదు. కృష్ణబిలము చెంత వెలుగు దట్టముగ నుండును. శక్తి మిక్కిలి హెచ్చుగాగల గామా కణములు ఆ దట్టపు వెలుగులో నశించును. 2006 ఫిబ్రవరిలో కెనరీ దీవులందలి మేజిక్ దూరదర్శిని 3సి 279 నుండి అట్టి మహాశక్తి కణములనే పట్టినది. అవి నశింపక వచ్చెననిన, బిలమునకు దూరమున ధారలో పుట్టియుండవలయునని కొందఱు వాదించిరి. కాని 2015 జూనులో నొక మంట కొన్ని నిమిషములలోనే హెచ్చి తగ్గినది. అంత త్వరితమైన మార్పునకు మిక్కిలి చిన్నచోటు కావలెను. అది బిలము చెంతనే యుండుట సహజమని మఱికొందఱ పక్షము. వివాద మింకను తీఱలేదు. మఱియొక విశేషము: విశ్వమున నక్షత్రములు చిందించిన వెలుగంతయు అడ్డుగనుండగా 500 కోట్ల సంవత్సరములు ప్రయాణము చేసి యా కణములు మనలను చేరినవి. అందుచే ఆ నక్షత్రపు వెలుగు పూర్వము ఊహించినంత దట్టము కాదని 2008లో ప్రకటించిరి.

వెలుగు మెలిదిరిగిన యిరువది దినములు

గామా దూరదర్శినుల చూపు మొద్దు. అవి మంట వచ్చెనని చెప్పగలవు గాని, ధారలోపల ఏమి జరుగుచున్నదో చూపజాలవు. ఇచటనే మామూలు వెలుగును చూచు దూరదర్శినుల యుపయోగము కలదు. వెలుగు ఒక విధమైన కంపము. సూర్యకాంతిలో కంపములు అన్ని దిక్కులందును కలసియుండును. అయస్కాంతరేఖల చుట్టు తిరుగు ఎలక్ట్రానుల వెలుగులో మాత్రము కంపములు ఒక దిక్కునకు మొగ్గును. దీనిని ధ్రువణ మందురు. నిలువు కఱ్ఱల దడిసందున త్రాటిని దూర్చి ఆడించినచో నిలువు అలలు దాటును, అడ్డపు అలలు ఆగును. అటులనే తగిన పలకగుండ చూచి కంపము దిక్కును కొలువవచ్చును. ఆ దిక్కునుబట్టి అయస్కాంతరేఖల దిక్కు తెలియును.

2009 ఆరంభమున 3సి 279 గామా కిరణములలో మండెను. అదే కాలమున జపానులోని హిరోషిమా విశ్వవిద్యాలయమువారి కనాతా దూరదర్శిని దాని వెలుగు కంపదిశను కొలుచుచుండెను. ఆ దిశ సుమారు ఇరువది దినములలో 208 డిగ్రీలు, తొట్రుపాటు లేక, ఒకే వైపునకు మెల్లగ తిరిగినది. గామా మంటయు, ఈ తిరుగుటయు ఒక్కమాఱే జరుగుటచే రెండును ధారలో ఒకేచోట పుట్టినవని తేలెను. ఇరువది దినములు క్రమముగ తిరిగినదన్నచో ఆ ముద్ద వంపుదారిని చాల దూరము పోయియుండవలయును. కదురుమీద నూలు చుట్టుకొన్నట్లు అయస్కాంతరేఖలు ధార చుట్టును మెలివడి యుండుననియు, ముద్ద ఆ మెలికల వెంట పోయియుండవచ్చుననియు మఱియొక యూహ కలదు. 2010లో ఈ ఫలితములు ప్రకటింపబడెను. ఏ రాత్రియైన రెండు మూడు కొలతలు తప్పిపోయియున్నచో ఇది క్రమమైన తిరుగుటయో, ఎగుడుదిగుడుల గందరగోళమో నిర్ణయించుట దుస్సాధ్యమై యుండెడిది.

మన దేశపు కాపలా

ఇట్లు ఎడతెగక చూచుటకు ఒక్క దేశము చాలదు. జపానులో తెల్లవాఱిన మూడున్నర గంటలకు మనకు తెల్లవాఱును. మనకు తెల్లవాఱిన ఆఱేడు గంటలకు కెనరీ దీవులలో తెల్లవాఱును. నడుమ మన దేశమున కాపలా లేకున్నచో లెక్కలో ఖాళీ పడును. కడపట చెప్పదగినదేమన, మన దేశపు ముఖ్య వేధశాలలు మూడును ఇంచుమించు గుంటూరు రేఖాంశముననే యున్నవి. గుంటూరు 80½ డిగ్రీల తూర్పురేఖాంశమునకు సమీపమున నున్నది. తమిళదేశములోని కావలూరు, హిమాలయ పాదమందలి నైనీతాలు, లదాకులోని హాన్లే 79 డిగ్రీల ప్రాంతమున నున్నవి. మనకు రాత్రి యగునప్పుడే వారికిని రాత్రి యగును.

కావలూరునందలి వేధశాలకు వైణు బాప్పు పేరు పెట్టబడినది. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేయుటచే ఆయన బాల్యము ఆ దూరదర్శినుల నడుమ గడచినది. నైనీతాలులోని 1.04 మీటరు దూరదర్శిని క్వాసారులు ఒక్కరాత్రిలో మినుకుటను కొలుచుటకు ప్రసిద్ధి కెక్కినది. హాన్లేలో 4,500 మీటర్ల యెత్తున రెండు మీటర్ల హిమాలయ చంద్ర దూరదర్శిని కలదు. వర్షములు తక్కువగుటచే అచట తేటరాత్రులు హెచ్చు.

ఆ హాన్లేలోనే 2024 అక్టోబరులో మేస్ అను 21 మీటర్ల వెడల్పుగల గామా దూరదర్శిని ప్రారంభింపబడెను. గామా కణము వాయుమండలమును తాకినప్పుడు కణములజడి పుట్టి, క్షణములో కోట్లవ వంతు కాలము మాత్రమే నిలుచు నీలి మెఱుపును కలిగించును. మేస్ ఆ మెఱుపునే పట్టును. బాబా అణు పరిశోధనాకేంద్రమువారు రూపొందించిన దీనిని హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియావారి సహకారముతో నిర్మించిరి. 3సి 279 వంటి జ్యోతులను దీనితోను, ప్రక్కనున్న చంద్ర దూరదర్శినితోను ఒకే రాత్రి చూచుటకు వీలు కలిగినది.

కొలిచి దాచిన వెలుగు

ముగింపుగ నొక్క సంగతి చెప్పెదము. 3సి 279 మహాప్రకాశముతో వెలిగిన కాలము 1936-37. అప్పుడది 11వ తరగతి వఱకు పెరిగెను. ఆ కాలమున క్వాసారులను పేరే లేదు. అమెరికాలోని హార్వర్డ్ వేధశాలవారు ఆకాశమునంతటిని మాటిమాటికి గాజుపలకలపై ఛాయాచిత్రములు తీసి భద్రపఱచుట ఆనవాయితీగ నుంచుకొనిరి. ఆ పలకలలో ఈ చుక్కయు పడినది. దానిని తీసినవారికి దాని విలువ తెలియదు. 1975లో ఈచస్, లిల్లర్ అను శాస్త్రజ్ఞులు పాత పలకలను వరుసగ పరీక్షించినప్పుడే యా మహాప్రకాశము బయటపడినది. సుమారు నలువది సంవత్సరములు ఆ గాజుపలక తన సాక్ష్యమును దాచుకొని నిరీక్షించినది.

విద్యార్థులారా! జాన్సెన్ గ్రహణము ముగియగానే పెట్టెలు సర్దుకొనక మఱునాడు మరల చూచుటవలన ఫలము పొందెను. హిరోషిమావారు మాటిమాటికి కొలుచుటవలన మెలిక కనుగొనిరి. హార్వర్డ్‌వారు ప్రయోజనమెఱుగకయే భద్రపఱచుటవలన చరిత్ర మిగిలినది. ప్రయోగశాలలో మీరు వ్రాయు అంకె చిన్నదైనను, అనుకొన్నదానికి సరిపడకున్నను, చూచినది చూచినట్లు తేదీతో వ్రాసియుంచుడు. రాబోవు చైత్రమున మేడపైనుండియో, కళ్ళమునుండియో చిత్తను గుర్తించి, దానికి వాయవ్యముగ నొక్క పిడికిలి కొలిచి చూడుడు. అచట మీకేమియు కానరాదు. అయినను భూమి పుట్టకముందు బయలుదేఱిన వెలుగు ఆ చోటినుండి మీ కన్నులలో పడుచునే యున్నదని తెలిసికొని చూచుట వేఱు, తెలియక చూచుట వేఱు.